పదవ పనివాని పేరు

మీరు బ్యాంకు రుణముతో బియ్యపు మిల్లు నెలకొల్పియుండవచ్చును. ఎరువులు, పురుగుమందుల దుకాణమో, ట్రాక్టర్ల మరమ్మతు షెడ్డో, నూనె మిల్లో నడుపుచుండవచ్చును. మీ హాజరు పట్టీని ఒకసారి తెరచి అందులోని పేర్లను లెక్కించండి. తరువాత పని జరుగుచున్న చోటికి వెళ్లి మనుషులను లెక్కించండి. రెండు లెక్కలు సరిపోయినచో ఈ వ్యాసములో సగభాగము చదువకపోయినను మీకు నష్టము లేదు. పట్టీలో తొమ్మిది మంది, షెడ్డులో పదమూడు మంది తేలినచో మాత్రము చివరివరకు చదువుట మంచిది.

తొమ్మిది అను సంఖ్య వట్టినే వచ్చినది కాదు. పది మంది పనివారు గల సంస్థకు ఉద్యోగుల రాజ్య బీమా, అనగా ఇ.ఎస్.ఐ., తప్పనిసరి యగును. గ్రాట్యుటీ బాధ్యత కూడ పదితోనే మొదలగును. ఇరువది మందికి చేరినచో ప్రావిడెంట్ ఫండు వచ్చును. అందుచేత పదవవాని పేరు వ్రాయకుండుట, పందొమ్మిది దాటబోవుచున్నదనగా ఇంటిలోని మరియొకరి పేరుతో రెండవ లైసెన్సు తీసికొనుట మన ప్రాంతములలో ఒక వ్యాపార నేర్పుగా చెలామణి యగుచున్నది. లెక్కలు వ్రాయు గుమాస్తాలే కొందరు ఈ నేర్పును యజమానులకు బోధించుచున్నారు. దాని ఖరీదు ఎంతో లెక్కవేసి చూచుటయే ఈ పాఠము ఉద్దేశ్యము.

ముందుగా ఒక విషయము. 2025 నవంబరు 21వ తేదీన దేశములో నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. లేబర్ కోడ్‌లని పత్రికలలో మీరు చదివినవి ఇవియే. వేతనములకు ఒకటి, పారిశ్రామిక సంబంధములకు ఒకటి, సామాజిక భద్రతకు ఒకటి, పనిచోటులోని భద్రత, ఆరోగ్యములకు ఒకటి. ఇరువది తొమ్మిది కేంద్ర చట్టముల స్థానములో ఈ నాలుగు నిలిచినవి. "పాత చట్టములు పోయినవి, ఇక ఏ బాధయు లేదు" అని కొందరు యజమానులు అనుకొనుచున్నారు. బాధ్యతలు చాలవరకు అట్లే కొత్త స్మృతులలోనికి వచ్చినవి. కొన్ని పెరిగినవి కూడ. పాత చట్టముల క్రింద ఏర్పడిన బాకీలు అట్లే నిలిచియున్నవి.

పది మందికి అయ్యే ఖర్చు

పది మంది పనివారు గల ఒక బియ్యపు మిల్లును ఉదాహరణగా తీసికొందము. ఒక్కొక్కరి వేతనము నెలకు 12,000 రూపాయలు అనుకొనండి. ఇ.ఎస్.ఐ.కి యజమాని చెల్లించవలసినది వేతనములో 3.25 శాతము, కార్మికుని వేతనమునుండి మినహాయించవలసినది 0.75 శాతము. ఈ రేట్లు 2019 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినవి. అనగా ఒక్కొక్క పనివానికి మీ చేతినుండి నెలకు 390 రూపాయలు, అతని జీతమునుండి 90 రూపాయలు. పది మందికి మీ వంతు నెలకు 3,900, ఏడాదికి 46,800 రూపాయలు. మీ వంతును కూడ కార్మికుని జీతములోనుండియే కోయుట చట్టవిరుద్ధము. అతని వంతు కోసి చెల్లించకుండుట అంతకంటె ఘోరమైనది. అది నమ్మకద్రోహ నేరముగా పరిగణింపబడును.

ఈ సొమ్ముకు ప్రతిఫలమేమి? పనివానికి, అతని కుటుంబమునకు వైద్యము. ఇది అందరికి తెలిసినదే. తెలియనివి నగదు ప్రయోజనములు. జబ్బుచేసి పనికి రాలేని దినములకు ఏడాదిలో 91 రోజుల వరకు వేతనములో 70 శాతము వచ్చును. రోజుకు 400 రూపాయల వేతనమైనచో సుమారు 280 రూపాయలు. క్షయ, క్యాన్సరు వంటి దీర్ఘరోగములకు, నిర్ణీత సర్వీసు ఉన్నచో, ఇంతకంటె ఎక్కువ రేటున ఎక్కువ కాలము చెల్లింతురు. పనిలో గాయపడినచో 90 శాతము. పనిలో మరణించినచో అతనిపై ఆధారపడిన వారికందరికి కలిపి వేతనములో 90 శాతము పింఛను వలె నెలనెల వచ్చును. భార్యకు జీవితాంతము, లేదా పునర్వివాహము వరకు.

ఇక్కడ కాలమునకు ప్రాధాన్యమున్నది. పనిలో జరిగిన గాయమునకు ఇన్ని నెలలు చందా కట్టియుండవలెనను నియమము లేదు. జబ్బు భృతికి మాత్రము ఉన్నది. ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు గల ఆరు నెలలలో కనీసము 78 రోజులకు చందా చెల్లింపబడియుండవలెను. అట్లున్నచో మరుసటి జనవరి నుండి జూన్ వరకు భృతికి అర్హత కలుగును. "జబ్బు చేసినప్పుడు పేరు వ్రాయించెదము" అనుకొను యజమాని తన పనివానికి ఈ భృతి దక్కకుండ చేయుచున్నాడు.

స్త్రీలను పనిలో పెట్టుకొన్నచో ప్రసూతి సెలవు భారము మీద పడునని కొందరు జంకెదరు. ఇ.ఎస్.ఐ. వర్తించు చోట 26 వారముల ప్రసూతి భృతిని చెల్లించునది కార్పొరేషను, యజమాని కాదు. అర్హత గల గుమాస్తాను గాని, ప్యాకింగు పనిమనిషిని గాని ఈ కారణముచేత వదలుకొనుట తెలియక చేసికొను నష్టము.

"మా మండలములో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఎక్కడ ఉన్నది?" అని మీరు అడుగుదురు. ఈ ఫిర్యాదులో న్యాయమున్నది. పెద్ద ఆసుపత్రులు హైదరాబాదులోని సనత్‌నగర్, నాచారములలోను, విజయవాడ, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, తిరుపతి వంటి పట్టణములలోను ఉన్నవి. మారుమూల మండలములోని మిల్లు కార్మికునికి జ్వరము వచ్చినచో అంత దూరము పోలేడు. కాని నగదు భృతులు దూరమును బట్టి తగ్గవు. అవి అతని బ్యాంకు ఖాతాలోనే జమ యగును. "ఆరోగ్యశ్రీ ఉన్నది గదా" అను మరియొక వాదన కలదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ పథకము గాని, తరువాత వచ్చిన పథకములు గాని చికిత్స ఖర్చును భరించును. చేయి విరిగి మూడు నెలలు ఇంట కూర్చున్నవాని పొయ్యి వెలిగించుట వాటి పని కాదు. ఆ మూడు నెలలు అతడు ఎవరివద్ద చేయిచాపును? ముందు మీ వద్దకే వచ్చును, మీరు ఇచ్చునది అప్పుగా వ్రాసికొందురు, అతడు తీర్చలేడు.

పేరు లేనివాడు ప్రమాదమునకు గురియైనచో

మిల్లులో బెల్టు పట్టినవాడు, బాయిలరు వద్ద నిలిచినవాడు, ధాన్యపు రాశిపై ఎక్కినవాడు, ఎవని ప్రాణమైనను క్షణములో పోవచ్చును. అతని పేరు ఇ.ఎస్.ఐ.లో ఉన్నచో కుటుంబమునకు పింఛను ఇచ్చు బాధ్యత కార్పొరేషనుది. మీరు వేరుగా నష్టపరిహారము ఇయ్యనక్కరలేదు. సంస్థ ఇ.ఎస్.ఐ. పరిధిలోనికి రానిదైనచో మొత్తము మీరే చెల్లించవలెను. 1923 నాటి నష్టపరిహార చట్టములోని ఆ బాధ్యత ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతిలో ఒక అధ్యాయముగా ఉన్నది.

లెక్క ఇట్లుండును. మరణించినవాని నెల వేతనములో సగమును, అతని వయస్సునుబట్టి నిర్ణయించిన గుణకముతో హెచ్చవేయవలెను. 30 ఏండ్ల వానికి ఆ గుణకము 207.98. వేతనము 12,000 అయినచో, 6,000ను 207.98తో హెచ్చవేయగా 12,47,880 రూపాయలు. పైన చూచిన మిల్లు యజమాని పది మందికి ఏడాదికి కట్టవలసిన చందా 46,800. ఒక్క మరణమునకు చెల్లించు పరిహారము ఇరువది ఆరు సంవత్సరముల చందాకు మించిపోయినది. మీ టర్మ్‌లోను వాయిదాతో పాటు ఈ మొత్తమును కూడ ఒకే ఏడాదిలో తీయగలరా?

మరి పది మంది ఉండియు తొమ్మిదే చూపినవాని సంగతి? చట్టము ప్రకారము అతని సంస్థకు మొదటినుండి ఇ.ఎస్.ఐ. వర్తించియే యున్నది. కార్పొరేషను కుటుంబమునకు చెల్లించి ఆ భారమును యజమాని నుండి రాబట్టగలదు. పాత చందా, దానిపై ఏడాదికి 12 శాతము వడ్డీ, నష్టపు రుసుము వేరు. ఆదా చేసితినని అనుకొన్న సొమ్ము అన్ని వైపులనుండి ఒకేసారి తిరిగి వచ్చును.

మన గ్రామములలో ఇట్టి సందర్భమున జరుగునది వేరు. ఆ రాత్రికే పెద్దమనుషులు కూర్చుందురు. "రెండు లక్షలు ఇప్పించెదము, కేసు వద్దు" అని మాట కుదుర్తురు. స్టాంపు కాగితముపై భార్యచేత వేలిముద్ర వేయింతురు. యజమాని ఊపిరి పీల్చుకొనును. ఆ కాగితమునకు చట్టములో విలువ లేదు. మరణ పరిహారమును నిర్ణీత అధికారి వద్ద జమ చేయవలెను. నేరుగా కుటుంబము చేతికిచ్చినది, మూడు నెలల వేతనమునకు మించని అడ్వాన్సు తప్ప, చెల్లింపు క్రిందికి రాదు. హక్కును వదలుకొన్నట్లు వ్రాయించుకొన్న ఒప్పందము చెల్లదు. ఏడాది తరువాత ఆ భార్య తమ్ముడు న్యాయవాదిని కలిసినచో, మీరు మొత్తము మరల చెల్లించవలసి రావచ్చును. బాకీపడిన నెలలోపు చెల్లించనందుకు వడ్డీ పడును. తగిన కారణము లేనిదే ఆలస్యము చేసినచో పరిహారములో సగము వరకు జరిమానా కూడ పడవచ్చును.

"నేను వద్దన్నను బెల్టు దగ్గరకు పోయినాడు", "తాగి వచ్చినాడు" అను వాదనలు చిన్న గాయముల విషయములో కొంత పనికివచ్చును. మరణము గాని, శాశ్వత పూర్తి అంగవైకల్యము గాని సంభవించినచో అవి యజమానిని కాపాడవు. కనుక బెల్టుకు జాలీ బిగించుటకయ్యే ఖర్చును ఖర్చుగా చూడరాదు. ఇంటినుండి పనికి వచ్చు దారిలో జరిగిన ప్రమాదమును సైతము, పనితో సంబంధమున్నచో, పనిలో జరిగినట్లే కొత్త స్మృతి పరిగణించుచున్నది. రాత్రి షిఫ్టు ముగించి సైకిలుపై ఇంటికి పోవు ఆపరేటరు విషయము దీనిలోనికి వచ్చును.

పది మంది లేని సంస్థలు ఏమి చేయవలెను? రెండు దారులున్నవి. యజమాని, పనివారిలో అధిక సంఖ్యాకులు అంగీకరించినచో పది మంది లేకున్నను ఇ.ఎస్.ఐ.లో చేరుటకు కొత్త స్మృతి వీలు కల్పించినది. లేదా సాధారణ బీమా కంపెనీలనుండి ఉద్యోగుల నష్టపరిహార పాలసీ తీసికొనవచ్చును. పాలసీలో వేతనమును తక్కువగా చూపినచో క్లెయిము కూడ అంతే తగ్గునని గుర్తుంచుకొనండి.

ఈ రెండవ దారి సీజను పరిశ్రమలకు మరీ ముఖ్యము. పత్తి జిన్నింగు, పత్తి ప్రెస్సింగు, వేరుశనగ వలిచే పని, బెల్లము, చక్కెర తయారీ మాత్రమే చేయు కర్మాగారములు సీజను కర్మాగారములుగా ఇ.ఎస్.ఐ. నుండి మినహాయింపబడినవి. ఆదిలాబాదు, గుంటూరు ప్రాంతముల జిన్నింగు మిల్లుల వారు, అనంతపురము వేరుశనగ మిల్లుల వారు దీనిని ఊరటగా భావింతురు. నిజమునకు వారే ఎక్కువ అపాయములో ఉన్నారు. ప్రమాదము జరిగినచో మధ్యలో నిలువబడు కార్పొరేషను లేదు. ట్రాక్టరు రుణము తీసికొన్న రైతులు కూడ ఈ మాట వినవలెను. ట్రాక్టరుతోను, ఇతర యంత్రములతోను చేయు వ్యవసాయపు పని, పంటపై పురుగుమందు చల్లు పని నష్టపరిహారపు జాబితాలో చాలకాలముగా ఉన్నవి. జీతగానిగా పెట్టుకొన్న డ్రైవరుకు మీరే యజమాని.

హమాలీలు ఎవరి మనుషులు?

"వాళ్లు మేస్త్రీ మనుషులు, మా మనుషులు కారు" అను జవాబు అధికారులకు కొత్త కాదు. ఈ వాదనపై హైదరాబాదు నుండియే ఒక ముఖ్యమైన తీర్పు వచ్చినది. రాయల్ టాకీస్ అను సినిమా హాలు యజమానులు క్యాంటీనును, సైకిలు స్టాండును కాంట్రాక్టరులకు అప్పగించి, అక్కడి పనివారితో తమకు సంబంధము లేదనిరి. 1978లో సుప్రీంకోర్టు వారి వాదనను త్రోసిపుచ్చినది. హాలు ఆవరణలో, హాలు వ్యాపారమునకు సంబంధించిన పనిలో ఉన్నవారికి ఇ.ఎస్.ఐ. చందా బాధ్యత ప్రధాన యజమానిదేనని నిర్ణయించినది. సైకిలు స్టాండు లేకున్నను సినిమా ఆడును. హమాలీ లేనిదే మిల్లు ఒక దినమైనను నడువదు. మీ గోదాములో ఏడాది పొడవున బస్తాలు మోయువారి విషయము ఇందునుబట్టి మీరే ఊహించుకొనవచ్చును. మేస్త్రీ ద్వారా చెల్లించినచో అతని వద్ద నుండి పేర్లు, వేతనములు, చందా రసీదులు నెలనెల తీసికొనండి. అతడు కట్టనిది మీరు కట్టి అతని బిల్లులో మినహాయించుకొనవచ్చును.

తెలంగాణ బియ్యపు మిల్లులలో బీహారు నుండి వచ్చిన హమాలీలు, ఇటుక బట్టీలలో ఒడిశా కుటుంబములు పనిచేయుట అందరు ఎరిగినదే. వీరిని తెచ్చుటకు ముందుగా అడ్వాన్సు ఇచ్చుట ఆచారము. రుణపత్రిక గనుక ఇచ్చట కొంత నిక్కచ్చిగా చెప్పవలసియున్నది. అడ్వాన్సు ఇచ్చుట నేరము కాదు. "ఇది తీరువరకు కదలరాదు, మరొకచోట పని చేయరాదు" అనుటతో అది 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము పరిధిలోనికి పోవును. అంతటితో ఆ అప్పు చట్టరీత్యా రద్దగును. మీకు శిక్ష పడవచ్చును. కనీస వేతనముకంటె తక్కువకు పని చేయించుట నిర్బంధ శ్రమయేనని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పియున్నది. అడ్వాన్సును జీతమునుండి విరుచుకొనవలసినచో అన్ని మినహాయింపులు కలిసి వేతనములో సగమునకు మించరాదు. క్యాష్ క్రెడిట్ ఖాతానుండి లక్షలు తీసి మేస్త్రీ చేతిలో పోయువారు, ఆ సొమ్ము ఏ హామీయు లేని అప్పుగా మారుచున్నదని గ్రహింపవలెను.

పనిలో చేర్చుకొనునప్పుడు నియామక పత్రము ఇచ్చుట ఇప్పుడు తప్పనిసరి. అర పేజీ చాలును: పేరు, పని, వేతనము, చేరిన తేదీ. అతనికి తెలిసిన భాషలో ఉన్నచో మరీ మంచిది. చేరిన తేదీ వ్రాతలో ఉండుట మీకును రక్షణయే; మూడేండ్లు చేసినవాడు ఏడేండ్లని చెప్పినప్పుడు చూపుటకు కాగితముండును. ఆధారులోని పేరు, బ్యాంకు పాసుబుక్కులోని పేరు అక్షరము తేడా లేకుండ సరిపోవుచున్నవో లేదో ఆనాడే చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉండుటచేత క్లెయిములు నెలల తరబడి నిలిచిపోవుచున్నవి. వయస్సు విషయములో అనుమానమున్నచో పాఠశాల ధ్రువపత్రము అడగండి. 14 ఏండ్ల లోపు వారిని ఏ పనిలోనూ, 18 లోపు వారిని ప్రమాదకరమైన పనులలోనూ పెట్టరాదని 2016 సవరణ శాసించుచున్నది.

మీ రుణముతో దీనికి గల సంబంధము

ప్రావిడెంట్ ఫండు గురించి రైతు పత్రికలలో చాలమారులు వ్రాసియున్నారు గనుక విస్తరించుట లేదు. ఇరువది మందికి చేరినచో వర్తించును. యజమాని 12 శాతము, పనివాడు 12 శాతము. యజమాని వంతులో 8.33 శాతము 1995 పింఛను పథకమునకు పోవును. మీరు ఎక్కువగా మరచునది గ్రాట్యుటీ. గడచిన 12 నెలలలో ఏ ఒక్క రోజైనను పది మంది పనిచేసియున్నచో అది వర్తించును. సీజను రద్దీలో పెట్టుకొన్న వారు కూడ ఈ లెక్కలోనికి వత్తురు. ఐదేండ్లు నిండినవాడు మానివేసినచో ఏడాదికి 15 రోజుల వేతనము. 12,000 వేతనముతో ఎనిమిదేండ్లు చేసినవానికి 55,385 రూపాయలు. మరణించినచో ఐదేండ్ల నియమము లేదు. నిర్ణీత కాలపు ఒప్పందముపై చేరినవారికి ఏడాదికే అర్హత కలుగునట్లు కొత్త స్మృతి మార్చినది. ఐదుగురు పాత పనివారు ఒకే ఏడాది మానినచో ఎంతగునో లెక్కవేయండి. ఇది మీ పద్దులలో కనిపించని అప్పు.

బ్యాంకు దీనిని ఎందుకు పట్టించుకొనవలెను? మహారాష్ట్రలోని రెండు చక్కెర కర్మాగారములు పి.ఎఫ్. బాకీ పడినవి. వాటి చక్కెర బస్తాలు అప్పటికే రాష్ట్ర సహకార బ్యాంకుకు కుదువ పెట్టబడియున్నవి. బస్తాలు మావని బ్యాంకు, బాకీ ముందు మాదని పి.ఎఫ్. శాఖ వాదించినవి. 2009లో సుప్రీంకోర్టు పి.ఎఫ్. బాకీయే ముందని తీర్పు చెప్పినది. అప్పటినుండి కుదువ ధాన్యపు నిల్వ ఎంత ఉన్నదను ప్రశ్నతో పాటు, పనివారి చందాలు ఎంతవరకు కట్టినారను ప్రశ్న కూడ మీ రుణ పరిశీలనలో ఉండుట సహజము. లిమిటు పునరుద్ధరణకు వచ్చునప్పుడు ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్. చలానులను వెంట తెచ్చు రుణగ్రహీత పని త్వరగా సాగును.

కొత్త యూనిటుకు ప్రాజెక్టు నివేదిక వ్రాయించునప్పుడు వేతనముల పద్దును పరిశీలించండి. పది మంది జీతములు మాత్రమే వ్రాసి చందాలు, బోనసు, గ్రాట్యుటీ, ఓవర్‌టైముకు రెట్టింపు వేతనము వ్రాయని నివేదికలు ఎన్నో వచ్చుచున్నవి. కాగితముపై లాభము బాగుగా కనిపించును. మొదటి ఏడాదిలోనే వాయిదా తప్పును. కనీస వేతనములపై కరువు భత్యము ఏప్రిల్, అక్టోబరు నెలలలో మారుచుండును గనుక, అప్పటి రేటును మీ జిల్లా కార్మిక శాఖ కార్యాలయములో అడిగి ఆ అంకెనే వాడండి.

చందాలు చెల్లించుటకు గడువు మరుసటి నెల 15వ తేదీ. మిల్లు వ్యాపారములో ధాన్యము కొనుగోలు రోజులలో చేతిలో పైసా ఉండదు. మర ఆడించిన బియ్యమునకు ప్రభుత్వమునుండి రావలసిన సొమ్ము ఆలస్యమగును. ఆ నెలలలోనే చందాలు తప్పుచున్నవి. అందుచేత జీతములు ఇచ్చు రోజుననే ఇరు వంతుల చందాను వేరు పొదుపు ఖాతాలోనికి మళ్లించి, 15వ తేదీ వరకు దానిని ముట్టకుండుట మంచిది. ఈ ఖాతాను మీ బ్యాంకు శాఖలోనే తెరువవచ్చును. జీతములు బ్యాంకు ద్వారా చెల్లించువారికి ఈ మళ్లింపును ప్రతి నెల ఒకే తేదీన జరుగునట్లు స్థిరమైన ఆదేశముగా ఇచ్చుకొను సౌకర్యము కూడ కలదు.